లోడింగ్ స్క్రీన్ వెనకున్న మనిషి

మాస్‌ఫెట్ బొమ్మ గీయని ఇంజనీరింగ్ స్టూడెంట్ ఉండరేమో. సోర్స్, డ్రెయిన్, మధ్యలో గేట్, గేట్ కింద పల్చటి ఆక్సైడ్ పొర. ఈసీఈ, ట్రిపుల్ఈ వాళ్లకి అది సెమిస్టర్ పరీక్షలో గ్యారంటీ ప్రశ్న. సీఎస్ఈ వాళ్లు ఒకసారి చదివి వదిలేసినా, వాళ్లు రాసే ప్రతి లైన్ కోడ్ నడిచేది దాని మీదే. బొమ్మకి మార్కులున్నాయి, కర్వ్‌లకి మార్కులున్నాయి. దాన్ని మొదట తయారుచేసింది ఎవరు అన్నదానికి మాత్రం మార్కుల్లేవు. అందుకే ట్రాన్సిస్టర్ అనగానే షాక్లీ పేరు, ఐసీ అనగానే కిల్బీ పేరు చెప్పేసే మనం మాస్‌ఫెట్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాం.

ఆ పేరు డావన్ కాంగ్. కొరియన్ పద్ధతిలో ఇంటిపేరు ముందు పెట్టి పిలిస్తే కాంగ్ దే-వన్. సెమీకండక్టర్ రంగంలో ఉన్నవాళ్లకి చాలా పెద్ద పేరు. ఆయన తోటివాళ్లతో కలిసి చేసిన వస్తువులు ముఖ్యంగా రెండు. ఒకటి మాస్‌ఫెట్, లెక్కలు చేసేది. రెండోది ఫ్లోటింగ్ గేట్, గుర్తుపెట్టుకునేది. మొదటిది ఇవాళ్టి ప్రాసెసర్లన్నిటికీ పునాది. రెండోదాని నుంచే పెన్‌డ్రైవ్, మెమరీ కార్డ్, ఫోన్ స్టోరేజ్, ఎస్‌ఎస్‌డీ అన్నీ వచ్చాయి. విచిత్రం ఏంటంటే, ఈ రెండూ పుట్టిన ల్యాబే అప్పట్లో రెండింటినీ పక్కన పెట్టేసింది.

ఆయన గురించి నాకు తెలిసింది సిలబస్ వల్ల కాదు, గేమ్ వల్ల.

తిరువూరు, పాత ల్యాప్‌టాప్, జీటీఏ ఫైవ్

మాది తిరువూరు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఎన్టీఆర్ జిల్లాలో తెలంగాణ సరిహద్దుకి దగ్గరగా, విజయవాడ నుంచి జగ్దల్‌పూర్ వెళ్లే జాతీయ రహదారి మీద ఉంటుంది. చుట్టూ మామిడి తోటలు. ఆ ఏడాది తోటల్లో కాపు సరిగ్గా లేదు, మా ఇంట్లో డబ్బులు కూడా అంతంతమాత్రం. నా దగ్గరున్నది హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా పెదనాన్న గారి అబ్బాయి వాడి వదిలేసిన ల్యాప్‌టాప్. 8 జీబీ ర్యామ్, ఒక మోస్తరు గ్రాఫిక్స్ కార్డ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఆన్ చేసి, స్నానం చేసి వస్తే అప్పటికి డెస్క్‌టాప్ కనపడేది. సెలవుల్లో తమ్ముడూ నేనూ జీటీఏ ఫైవ్ ఓపెన్ చేస్తే, సిటీలోకి అడుగుపెట్టడానికి నాలుగు నిమిషాలకు పైనే పట్టేది. గేమ్ సంగతి సరే, ప్రాజెక్ట్ కోసం పెద్ద సాఫ్ట్‌వేర్ ఏది ఓపెన్ చేసినా అదే తంతు. బీటెక్ అయ్యేదాకా ఇది నడవదని అర్థమైపోయింది. అప్పు చేసైనా కొత్తది కొంటానని నాన్న అన్నారు. ఆ అప్పు లేకుండా గట్టెక్కే దారి ఉందా అన్నదే అప్పుడు నా సమస్య.

బోసుబొమ్మ సెంటర్ దగ్గర కంప్యూటర్లు రిపేర్ చేసే ఒక అన్న ఉన్నాడు. ఆయన డిస్క్ లైట్ వంక చూసి, ప్రాసెసర్ బాగానే ఉందని, డిస్క్ దగ్గరే ట్రాఫిక్ జామ్ అని తేల్చేశాడు. మూడు వేలు కూడా పెట్టకుండా ఒక సాటా ఎస్‌ఎస్‌డీ వేయించుకున్నాను. వెనక మూత విప్పి పాత డిస్క్ తీసి, అదే సైజు కొత్తది పెట్టి, విండోస్, గేమ్ రెండూ దాంట్లోకి ఎక్కించాం. పాత డిస్క్‌కి ఒక కేస్ తొడిగి సినిమాలకి వాడుకుంటున్నాం. గేమ్ ఇప్పుడు నిమిషం లోపే తెరుచుకుంటుంది. ల్యాప్‌టాప్ ఇంకా అదే.

ఇంత తేడా ఎందుకు వచ్చిందో లెక్క వేసి చూద్దాం. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకి 90 చుట్లు, ఒక చుట్టుకి దాదాపు 11 మిల్లీసెకన్లు. మనకి కావాల్సిన డేటా సూది కిందకి రావడానికి సగటున సగం చుట్టు ఆగాలి. అంతకుముందు ఆ సూది ఉన్న చెయ్యి సరైన ట్రాక్ మీదకి జరగాలి, దానికి ఇంకో పది పన్నెండు మిల్లీసెకన్లు. ఈ లెక్కన చిన్న చిన్న ముక్కలు వేర్వేరు చోట్ల ఉంటే సెకనుకి 60 చోట్లకి మించి వెళ్లిరావడం కష్టం. గేమ్ లోడ్ అవ్వడమంటే సరిగ్గా ఇదే పని. రోడ్ల బొమ్మలు, గోడల టెక్స్చర్లు, కార్ల మోడళ్లు, శబ్దాలు, ఇలా వేల ముక్కలు డిస్క్ నుంచి ర్యామ్‌లోకి రావాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది, జరిగేది ఏదీ లేదు. ఎక్కడున్న ముక్కనైనా దాదాపు 0.1 మిల్లీసెకనులో అందుకుంటుంది.

ఏదీ తిరగకుండా, కరెంటు తీసేసినా పోకుండా, ఆ చిప్‌లో డేటా ఎలా నిలబడుతుంది? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తూ పోతే, చివరికి 1967 నాటి ఒక పేపర్ దగ్గర ఆగాను. దాని మీద ఉన్న రెండు పేర్లలో మొదటిది డావన్ కాంగ్.

సియోల్ నుంచి ఒహాయో

కాంగ్ 1931 మే 4న సియోల్‌లో పుట్టాడు. అప్పుడు కొరియా జపాన్ పాలనలో ఉంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆయనకి 14 ఏళ్లు. మన వయసులో, అంటే 19 ఏళ్లప్పుడు, 1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది. ఏడాది తిరక్కుండానే సియోల్ నాలుగుసార్లు చేతులు మారింది. యూనివర్సిటీలు దక్షిణాన ఉన్న బూసాన్‌కి వెళ్లి తాత్కాలికంగా అక్కడే క్లాసులు నడిపాయి. అటువంటి రోజుల తర్వాత ఆయన సియోల్ నేషనల్ యూనివర్సిటీలో ఫిజిక్స్ డిగ్రీతో బయటికి వచ్చాడు.

1955లో అమెరికా వెళ్లి ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. అక్కడ ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్, 1959లో డాక్టరేట్. ఆ మధ్యలోనే, 1956లో, ఐబీఎమ్ వాళ్లు ప్రపంచంలో మొదటి హార్డ్ డిస్క్‌ని మార్కెట్‌లోకి తెచ్చారు. రెండడుగుల వెడల్పున్న 50 పళ్లేలు, అన్నీ కలిపి దాచుకునేది ఇవాళ ఒక ఫోన్ ఫోటోకి సరిపడేంత. తిరిగే డిస్క్ పుట్టిన కాలంలోనే, దాన్ని పక్కకి నెట్టే పని మొదలుపెట్టబోయే మనిషి ఒహాయోలో పీహెచ్‌డీ చేస్తున్నాడన్నమాట.

చదువు అయిన వెంటనే న్యూజెర్సీలోని మర్రే హిల్‌లో ఉన్న బెల్ ల్యాబ్స్‌లో ఉద్యోగం దొరికింది. ట్రాన్సిస్టర్ పుట్టిన చోటు అది. అప్పటికి ఆయన వయసు 28.

మొదటి వస్తువు

బెల్ ల్యాబ్స్‌లో కాంగ్‌కి తోడైన మనిషి మహమ్మద్ అటాలా. ఈజిప్టులోని పోర్ట్ సయీద్‌లో పుట్టినవాడు. ఒకరిది కొరియా, ఒకరిది ఈజిప్టు, ఇద్దరూ చదువు కోసం సముద్రాలు దాటి వచ్చినవాళ్లే.

వాళ్ల ముందున్న సమస్య కొత్తదేమీ కాదు. సెమీకండక్టర్ పైన ఒక లోహపు పలక పెట్టి, దానికి వోల్టేజ్ ఇచ్చి, కింద పారే కరెంటుని పెంచడం తగ్గించడం చెయ్యొచ్చని 1920ల్లోనే లిలియన్‌ఫెల్డ్ పేటెంట్ రాశాడు. మన వైపు పంటకాలువ మీద తూము షట్టర్ ఎత్తి దించినట్టే. కాలువలో నీళ్లని ముట్టుకోకుండా, పైనుంచి తిప్పితే చాలు. కాగితం మీద బాగుంది, చేస్తే పనిచెయ్యలేదు. 1940ల్లో షాక్లీ ప్రయత్నించినా కుదర్లేదు. కారణం ఏంటంటే, సెమీకండక్టర్ ఉపరితలం మీద తెగిన బంధాలు ఉంటాయి. అవి ఎలక్ట్రాన్లని పట్టేసుకుంటాయి. పైనుంచి ఎంత వోల్టేజ్ ఇచ్చినా దాని ప్రభావం లోపలికి వెళ్లదు.

సిలికాన్‌ని వేడి కొలిమిలో ఆక్సిజన్‌తో కలిపి కాల్చి, దాని మీద సన్నటి ఆక్సైడ్ పొర పెంచితే ఆ తెగిన బంధాలు చాలావరకు సర్దుకుంటాయని అటాలా బృందం తేల్చింది. ఆ పొర మీదే గేట్ పెడితే షట్టర్ పనిచేస్తుందన్నది తర్వాతి మెట్టు. కాంగ్, అటాలా కలిసి 1959 చివర్లో ఆ పరికరాన్ని పనిచేయించారు. 1960 జూన్‌లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ ఇన్‌స్టిట్యూట్‌లో జరిగిన సాలిడ్-స్టేట్ కాన్ఫరెన్స్‌లో దాని గురించి చెప్పారు. కాంగ్ పేరు మీద ఆ ఏడాది మే చివర్లో దాఖలైన పేటెంట్ 1963 ఆగస్టులో మంజూరైంది.

పరీక్షలో మనం గీసే బొమ్మ ఇదే. ఇవాళ చూస్తే అంత పెద్ద విజయం. అప్పట్లో మాత్రం బెల్ ల్యాబ్స్ పెద్దగా పట్టించుకోలేదు. దానికీ వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. అప్పటికే ఉన్న బైపోలార్ ట్రాన్సిస్టర్‌తో పోలిస్తే ఈ కొత్తది దాదాపు వంద రెట్లు నెమ్మది. పైగా నిలకడ లేదు, ఇవాళ కొలిచిన విలువ రేపు ఉండేది కాదు. దాని వెనకున్న దొంగ సోడియం అని తర్వాత కొన్నేళ్లకి వేరే కంపెనీల వాళ్లు కనిపెట్టారు. మన చేతి చెమటలో ఉండే ఉప్పు చాలు, ఆక్సైడ్ పాడవడానికి. ఏళ్ల తరబడి చెడిపోకుండా నడవాల్సిన టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం పనిచేసే సంస్థకి ఇలాంటి వస్తువు మీద నమ్మకం కుదరకపోవడంలో ఆశ్చర్యం లేదు.

కానీ కాంగ్ అప్పటికే ఒక విషయం గమనించాడు. దీన్ని తయారుచేయడం తేలిక, ఒకే సిలికాన్ ముక్క మీద చాలా చేర్చుకుంటూ పోవచ్చు, ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లకి పనికొస్తుందని తన ల్యాబ్‌లోపల రాసిన నోట్‌లో పెట్టాడు. ఆ మాట పట్టుకుని ముందుకెళ్లింది బయటివాళ్లు. ఆర్‌సీఏ, ఫెయిర్‌చైల్డ్ పనిచేశాయి, వాటి తర్వాత ఇంటెల్ వచ్చింది. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 ప్రాసెసర్‌లో 2,300 మాస్ ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. ఇవాళ మన ఫోన్ ప్రాసెసర్‌లో వందల కోట్లు ఉంటాయి.

అటాలా కొద్దికాలానికే బెల్ ల్యాబ్స్ వదిలేశాడు. తర్వాతి రోజుల్లో ఏటీఎమ్ పిన్ నంబర్లని కాపాడే యంత్రం తయారుచేసి ఆ రంగంలో పేరు తెచ్చుకున్నాడు. కాంగ్ మాత్రం అక్కడే ఉండిపోయాడు.

రెండో వస్తువు

1960ల్లో కంప్యూటర్ మెమరీ అంటే కోర్ మెమరీ. ఆవగింజ కంటే కాస్త పెద్దవైన ఫెరైట్ రింగులు, వాటి గుండా పూసలు గుచ్చినట్టు సన్నటి తీగలు. ఒక్కో రింగు ఒక్క బిట్. గుచ్చే పని చాలావరకు చేతులతోనే. చదివినప్పుడల్లా అందులో ఉన్నది చెరిగిపోతుంది, మళ్లీ రాయాలి.

ఇదేదో ఎక్కడో అమెరికా సంగతి అనుకోకండి. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పుట్టింది 1967 ఏప్రిల్‌లో. దాన్ని నిలబెట్టిన ఎ.ఎస్.రావు గారు మన పశ్చిమ గోదావరి మోగల్లు మనిషి. ఏఎస్‌రావు నగర్ ఆయన పేరు మీదే. ఆ సంస్థ తొలి రోజుల్లో తయారుచేసిన టీడీసీ-12 కంప్యూటర్‌లో కూడా మెమరీ ఈ ఫెరైట్ రింగులే. అంటే ఆ ఏడాది ప్రపంచమంతా ఒకే ఇబ్బందితో ఉంది. ఈ రింగుల స్థానంలో ఇంకేదైనా దొరుకుతుందా అని అందరూ వెతుకుతున్నారు.

కాంగ్ కూడా వెతుకుతున్నాడు, తోడుగా సైమన్ జీ ఉన్నాడు. సెమీకండక్టర్ డివైజెస్ మీద మన లైబ్రరీల్లో కనిపించే లావాటి పుస్తకం రాసిన జీ ఈయనే. చైనాలో పుట్టి, తైవాన్‌లో పెరిగి, స్టాన్‌ఫర్డ్‌లో చదివి బెల్ ల్యాబ్స్‌కి వచ్చాడు. భోజనాల దగ్గర పొరలు పొరలుగా ఉన్న కేకు తింటుంటే, మాస్‌ఫెట్‌లో కూడా మధ్యలో ఇంకో పొర పెడితే ఏమవుతుందన్న ఆలోచన వచ్చిందని జీ తర్వాత చెప్పుకున్నాడు. కేకు మాట ఎలా ఉన్నా, పెట్టింది మాత్రం నిజంగా ఒక పొరే.

మామూలు మాస్‌ఫెట్‌లో ఒకే గేట్. వీళ్లు ఆ గేట్‌కీ సిలికాన్‌కీ మధ్య జిర్కోనియం లోహంతో ఇంకో గేట్ పెట్టారు. దానికి ఏ తీగా కలపలేదు. పైనా కిందా ఇన్సులేటరే. తలుపు లేని గది అనుకోండి. బయట గేట్‌కి గట్టి వోల్టేజ్ ఇస్తే, కింద 5 నానోమీటర్ల మందమున్న ఆక్సైడ్ గుండా ఎలక్ట్రాన్లు దూరి ఆ గదిలోకి చేరతాయి. గోడ కూలదు, ఎలక్ట్రాన్లు గోడలోంచే వెళ్తాయి. ఫిజిక్స్‌లో చదివిన టన్నెలింగ్ ఇదే. వోల్టేజ్ తీసేస్తే అవి బయటికి రావడం చాలా కష్టం. లోపలే ఉండిపోతాయి. లోపల ఛార్జ్ ఉంటే ట్రాన్సిస్టర్ ఆన్ అవ్వడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి, లేకపోతే తక్కువ చాలు. ఆ తేడా చూస్తే సున్నానో ఒకటో తెలిసిపోతుంది. చూసినంత మాత్రాన చెరిగిపోదు. కోర్ మెమరీకి ఉన్న పెద్ద లోపం దీనికి లేదు.

ఈ పేపర్ 1967లో బెల్ సిస్టమ్ టెక్నికల్ జర్నల్‌లో వచ్చింది. చిన్న పేపరే. నన్ను ఆపేసింది అందులోని ఒక సంఖ్య. వాళ్లు గమనించినంతలో ఛార్జ్ ఎంతసేపు నిలిచిందంటే, ఒక గంట కంటే ఎక్కువ. అంతే. పది సంవత్సరాలు కాదు, ఒక నెల కూడా కాదు. మనం ల్యాబ్‌లో రీడింగ్ సరిగ్గా రాకపోతే పక్క బెంచీ రికార్డు వంక చూస్తాం కదా. కాంగ్, జీ ఆ గంటని గంటగానే రాసి, ఇవి ప్రాథమిక ఫలితాలే అని చెప్పి పైకి పంపారు.

ఈసారి కూడా బెల్ ల్యాబ్స్ దాన్ని వస్తువుగా మార్చే పని పెట్టుకోలేదు. ఒక గంట గుర్తుంచుకునే మెమరీతో టెలిఫోన్ కంపెనీకి ఏం పని అనుకున్నా తప్పు పట్టలేం. కానీ పేపర్ అచ్చయింది, చదవాల్సినవాళ్లు చదివారు.

గంట నుంచి పదేళ్లకి

1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ ఫ్లోటింగ్ గేట్‌తో ఈప్రామ్ తయారుచేశాడు. జిర్కోనియం బదులు సిలికాన్ గేట్, చుట్టూ మంచి ఆక్సైడ్. ఇప్పుడు డేటా ఏళ్ల తరబడి నిలిచింది. ఒక చిప్‌లో 2,048 బిట్లు, అంటే 256 బైట్లు. చెరపాలంటే చిప్ మీదున్న చిన్న అద్దం కిటికీలోంచి అల్ట్రావయొలెట్ లైటు కొట్టాలి. మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో పాత కిట్ల మీద స్టిక్కర్ అంటించిన కిటికీ చిప్‌లు చూసే ఉంటారు, అవే ఇవి.

తర్వాత కరెంటుతోనే చెరిపే పద్ధతి వచ్చింది. తోషిబాలో ఫుజియో మసువొకా చాలా సెల్స్‌ని ఒకేసారి, కెమెరా ఫ్లాష్ కొట్టినట్టు చెరిపే పద్ధతి కనిపెట్టాడు. ఫ్లాష్ అన్న పేరు అక్కడిదే. 1984లో మొదటి రకం, 1987లో నాండ్ రకం బయటికొచ్చాయి. 1991లో, తర్వాత శాన్‌డిస్క్‌గా పేరు మారిన కంపెనీ, ఐబీఎమ్ కోసం ఫ్లాష్‌తో చేసిన 20 ఎంబీ ఎస్‌ఎస్‌డీ ఇచ్చింది. ధర దాదాపు వెయ్యి డాలర్లు. మా తమ్ముడి ఫోన్‌లో ఒక్క రీల్ పట్టేంత చోటుకి వెయ్యి డాలర్లు! ఇవాళ్టి కొత్త చిప్‌లు చాలావాటిలో ఛార్జ్‌ని లోహపు గదిలో కాకుండా నైట్రైడ్ పొరలో పట్టి ఉంచుతున్నారు, సెల్స్‌ని వంద అంతస్తుల పైన పేరుస్తున్నారు. అయినా సూత్రం అదే. ఇన్సులేటర్ మధ్య ఛార్జ్‌ని బంధించి, దాన్ని కింది ట్రాన్సిస్టర్‌తో చదవడం.

ఎస్‌ఎస్‌డీ కొనేవాళ్లకి కాంగ్ చెప్పే నాలుగు మాటలు

ఆయన చెప్పలేదు, ఆయన చేసిన బొమ్మ చెప్తుంది.

ఒకటి. రాసిన ప్రతిసారీ ఎలక్ట్రాన్లు ఆక్సైడ్ గోడలోంచి దూరాలి. దూరిన ప్రతిసారీ గోడ కాస్త అరుగుతుంది. అందుకే ప్రతి ఎస్‌ఎస్‌డీకీ రాతలకి ఒక హద్దు ఉంటుంది. చదవడానికి గోడ దాటక్కర్లేదు, కాబట్టి గేమ్ రోజుకి పదిసార్లు లోడ్ చేసినా భయం లేదు.

రెండు. ఆ హద్దు చూసి కంగారు పడక్కర్లేదు. 500 జీబీ మంచి డ్రైవ్‌లకి 300 టెరాబైట్ల రాతల దాకా వారంటీ ఇస్తున్నారు. రోజూ 100 జీబీ గేమ్ ఒకటి తీసేసి మళ్లీ ఎక్కించినా 3,000 రోజులు, అంటే ఎనిమిదేళ్లు పైన. బీటెక్ ఈలోపే అయిపోతుంది, బ్యాక్‌లాగ్‌లు ఉన్నా సరే.

మూడు. ఎస్‌ఎస్‌డీ లోడింగ్ టైమ్ తగ్గిస్తుంది గానీ ఎఫ్‌పీఎస్ పెంచదు. సిటీలోకి వెళ్లాక బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డే. ఎన్‌వీఎమ్ఈ డ్రైవ్ సెకనుకి 3,500 ఎంబీ ఇస్తుంది, సాటా 550 దగ్గర ఆగుతుంది. అయినా చాలా గేమ్‌లలో ఈ రెండింటికీ లోడింగ్‌లో అంత తేడా కనపడదు. డేటా వచ్చాక దాన్ని విప్పే పని ప్రాసెసర్‌ది, అక్కడ క్యూ కడుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీఎమ్ఈ స్లాట్ లేదని దిగులు పడొద్దు. హార్డ్ డిస్క్ నుంచి ఏ ఎస్‌ఎస్‌డీకి మారినా పెద్ద మెట్టు ఎక్కినట్టే.

నాలుగు. గదిలో ఎలక్ట్రాన్లు శాశ్వతం కాదు, చాలా నెమ్మదిగా కారతాయి. ఏళ్ల తరబడి కరెంటు పెట్టకుండా బీరువాలో దాచడానికి ఎస్‌ఎస్‌డీ సరైంది కాదు. అక్క పెళ్లి ఫోటోలు ఇంకోచోట కూడా ఉంచండి.

చివరి ఏళ్లు

కాంగ్ బెల్ ల్యాబ్స్‌లో దాదాపు మూడు దశాబ్దాలు పనిచేశాడు. తన రెండు వస్తువులూ బయటి కంపెనీల చేతుల్లో పెరుగుతుంటే, ఆయన ఆ మధ్యలో విద్యుత్తుతో వెలిగే పల్చటి పొరల మీద, అంటే డిస్‌ప్లేలకి పనికొచ్చే పదార్థాల మీద కూడా పరిశోధన చేశాడు. 1975లో ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ ఆయనకి స్టువర్ట్ బాలంటైన్ మెడల్ ఇచ్చింది. 1988లో బెల్ ల్యాబ్స్ నుంచి రిటైరై, ప్రిన్స్‌టన్‌లో కొత్తగా పెట్టిన ఎన్‌ఈసీ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కి మొదటి అధ్యక్షుడయ్యాడు. వెంటనే లాభం చూపించాల్సిన అవసరం లేని మూల పరిశోధన కోసం పెట్టిన సంస్థ అది. రెండుసార్లు తన పని ఇప్పటికి అక్కర్లేదని తేలడం చూసిన మనిషి, వయసు మీద పడ్డాక అలాంటి పనులకే చోటు ఉండే సంస్థని నడిపాడు. నాకు ఆయన జీవితంలో బాగా నచ్చిన భాగం ఇదే.

నాలుగేళ్లకే, 1992 మే 13న, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం చిట్లి, అత్యవసరంగా ఆపరేషన్ చేసినా ఫలితం లేకపోయింది. 61 ఏళ్లు నిండి అప్పటికి తొమ్మిది రోజులు. ఆ 20 ఎంబీ ఎస్‌ఎస్‌డీ వచ్చి ఏడాది మాత్రమే అయింది. పెన్‌డ్రైవ్ ఇంకా పుట్టలేదు, స్మార్ట్‌ఫోన్ ఇంకా మార్కెట్‌లోకి రాలేదు. ఫ్లాష్ మెమరీ ప్రపంచాన్ని కమ్మేయడం ఆయన చూడలేదు.

షాక్లీ బృందానికి 1956లో, కిల్బీకి 2000లో నోబెల్ వచ్చింది. మాస్‌ఫెట్ చేసినవాళ్లకి రాలేదు. 2009లో అమెరికా నేషనల్ ఇన్వెంటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్ కాంగ్, అటాలా ఇద్దరి పేర్లనీ చేర్చింది. అప్పటికి కాంగ్ పోయి 17 ఏళ్లు. ఆయన పుట్టిన దేశం ఇప్పుడు ప్రపంచంలో ఫ్లాష్ మెమరీ తయారీకి పెద్ద దిక్కు. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్ రెండూ కొరియావే. కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం అంచనా ప్రకారం 1960 నుంచి 2018 దాకా మనుషులు తయారుచేసిన ట్రాన్సిస్టర్లు 13 పక్కన 21 సున్నాలు. అందులో దాదాపు అన్నీ కాంగ్, అటాలా చేసిన రకానివే. మనిషి చేతుల్లో ఇన్నిసార్లు తయారైన వస్తువు ఇంకోటి లేదు.

మా డిపార్ట్‌మెంట్‌లో ఈ సెమిస్టర్ నుంచి జూనియర్లకి మాస్‌ఫెట్ మొదలవుతుంది. బొమ్మ గీశాక పక్కన మార్జిన్‌లో ఈ రెండు పేర్లు రాసుకోమని వాళ్లకి చెప్తున్నాను. మార్కులు పడవు. అయినా రాసుకోండి, కాంగ్, అటాలా. ల్యాబ్‌లో మీ రీడింగ్ చిన్నదిగా వచ్చినా ఎంత వచ్చిందో అంతే రాయండి. ఆ 1967 పేపర్‌లో ఉన్నది ఒక్క గంటే.